ఇల్‌ఖానుల రాజ్యం ఎలా లేచింది, ఎలా కూలింది: తరచుగా అడిగే ప్రశ్నలు

చెంఘీజ్ ఖాన్ పేరు తెలియనివాళ్ళు అరుదు. ఆయన మనవడు హులగు ఇరాన్‌లో నెలకొల్పిన ఇల్‌ఖానుల రాజ్యం గురించి మాత్రం మన దగ్గర మాట్లాడుకునేది తక్కువ. బాగ్దాద్‌ని కొల్లగొట్టిన మనిషే మరుసటి ఏడాది వేధశాలకు పునాది వేయించాడు. అలాంటి వింత చరిత్ర అది. 1335 తర్వాత ఆ రాజ్యం కూలినప్పుడు దాన్ని ఓడించిన శత్రువు అంటూ ఎవరూ లేరు. మరి ఎందుకు కూలింది? కింది ప్రశ్నలన్నీ చివరికి అక్కడికే వస్తాయి. నాకు తోచిన జవాబు ఇది: గెలవడం బాగా తెలిసిన ఆ వంశానికి, ఒక రాజు పోయాక ఎవరు కూర్చోవాలో తేల్చుకునే పద్ధతి లేదు. రాజ్యం నడపడం తెలిసిన మంత్రుల్ని ఆ తగాదాల్లోనే ఒకరి తర్వాత ఒకరిని చంపేసింది.

ఇల్‌ఖానుల రాజ్యం ఎక్కడ ఉండేది?

ఇప్పటి ఇరాన్, ఇరాక్, అజర్‌బైజాన్, ఆర్మేనియా, టర్కీలో తూర్పు, మధ్య భాగాలు, అఫ్ఘానిస్థాన్‌లో హెరాత్ వైపు, తుర్క్‌మెనిస్థాన్‌లో కొంత. జార్జియా రాజులు కప్పం కట్టేవాళ్ళు. తూర్పున అమూ దర్యా, పడమర యూఫ్రటీస్ దాదాపుగా హద్దులు. మంగోల్ సామ్రాజ్యం నాలుగు ముక్కలైనప్పుడు ఇది ఒక ముక్క. మిగతావి చైనాలో కుబ్లాయ్ ఖాన్ స్థాపించిన యువాన్ వంశం, వోల్గా తీరంలో గోల్డెన్ హోర్డ్, మధ్య ఆసియాలో చగతాయ్ రాజ్యం. ఇల్‌ఖానులకు చైనాతో సఖ్యత ఉండేది. మిగతా ఇద్దరు దాయాదులతోనూ తరచూ యుద్ధాలే.

హులగు అంత దూరం ఎందుకు వచ్చాడు?

1251లో హులగు అన్న మోంకే మహాఖాన్ అయ్యాడు. తమ్ముళ్ళలో కుబ్లాయ్‌ని చైనా వైపు, హులగుని పడమటి వైపు పంపాడు. హులగుకి అప్పగించినవి రెండు పనులు. ఇరాన్ కొండకోటల్లో ఉంటున్న నిజారీ ఇస్మాయిలీలు అనే షియా శాఖవాళ్ళను లొంగదీయాలి, బాగ్దాద్ ఖలీఫా చేత తల వంచించాలి.

ఈ దండయాత్రను దోపిడీ గుంపు పరుగు అనుకోకండి. సైన్యం నడిచే దారి పొడవునా పచ్చికబయళ్ళను వేరే మందలు మేయకుండా ముందే కాపలా పెట్టి ఉంచారు. నదుల మీద వంతెనలు సిద్ధం చేశారు. రాళ్ళు విసిరే యంత్రాలు నడపడానికి చైనా నుంచి వెయ్యి కుటుంబాల పనివాళ్ళను తెచ్చారని చరిత్రకారుడు జువైనీ రాశాడు. ఆయన స్వయంగా హులగు కొలువులో ఉన్నవాడు. అందుకే సైన్యం నెమ్మదిగా కదిలింది. 1253లో బయలుదేరితే అమూ దర్యా దాటేసరికి 1256 జనవరి వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ఇస్మాయిలీల నాయకుడు రుక్నుద్దీన్ ఖుర్షా కొండ దిగి లొంగిపోయాడు. డిసెంబరులో అలముత్ కోట కూడా తలుపులు తెరిచింది.

అలముత్‌లో పెద్ద గ్రంథాలయం ఉండేది. జువైనీ హులగు అనుమతితో లోపలికి వెళ్ళి తనకు విలువైనవిగా తోచిన పుస్తకాలను, ఖగోళ పరికరాలను బయటికి తెచ్చి, మతద్రోహంగా అనిపించినవాటిని తగలబెట్టించాడు. ఆ సంగతి ఆయనే గర్వంగా రాసుకున్నాడు. పుస్తకాలను కాపాడినదీ కాల్చినదీ ఒకే మనిషి కావడం చదివిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

1258లో బాగ్దాద్‌లో అసలేం జరిగింది?

లొంగిపొమ్మని హులగు పంపిన లేఖలకు ఖలీఫా అల్ ముస్తసిమ్ బెదిరింపులతో జవాబిచ్చాడు. ఆయన వెనక ఐదు వందల ఏళ్ళ అబ్బాసీ వంశ గౌరవం ఉంది, సరైన సైన్యం మాత్రం లేదు. కొలువులో మంత్రి ఒకటి చెబితే సేనాపతులు ఇంకొకటి చెప్పేవాళ్ళు. జనవరి చివర్లో ముట్టడి మొదలైంది. కొద్ది రోజుల్లోనే తూర్పు గోడ బురుజులు మంగోలుల చేతికి వచ్చాయి. ఫిబ్రవరి 10న ఖలీఫా తన కొడుకులతో సహా బయటికి వచ్చి లొంగిపోయాడు. తర్వాత దాదాపు వారం రోజులు నగరంలో కొల్ల, ఊచకోత.

ఫిబ్రవరి 20న ఖలీఫాని చంపారు. రాజరక్తం నేల మీద పడకూడదని మంగోలుల నమ్మకం. అందుకని తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారన్న కథనం ఎక్కువగా వినిపిస్తుంది. క్రైస్తవులను చాలావరకు వదిలేశారు. హులగు పెద్ద భార్య దోకుజ్ ఖాతూన్ నెస్టోరియన్ క్రైస్తవురాలు, ఆమె మాటకు విలువ ఉండేది.

ఎంతమంది చనిపోయారు? టైగ్రిస్ నది సిరాతో నల్లబడిందన్నది నిజమేనా?

ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీకి 1262లో రాసిన లేఖలో హులగు తానే 2 లక్షలకు పైగా అని చెప్పుకున్నాడు. తర్వాతి రచయితలు 8 లక్షలు, ఇంకా పైకి కూడా వెళ్ళారు. హులగు తన గొప్ప కోసం పెంచి చెప్పి ఉండొచ్చు, తర్వాతివాళ్ళు దుఃఖంలో పెంచి ఉండొచ్చు. సంఖ్య ఏదైనా అది భయంకరమైన వధ. దాన్ని తగ్గించి చెప్పాల్సిన పని లేదు.

నది నల్లబడిన కథ మాత్రం తర్వాతి కాలంలో పెరిగినది. చాలా పుస్తకాలు నాశనమయ్యాయి, నిజమే. చాలా పుస్తకాలు బతికాయి కూడా. నసీరుద్దీన్ తూసీ అనే గణిత, ఖగోళ పండితుడు అలముత్ నుంచే హులగు దగ్గరికి చేరాడు. బాగ్దాద్ నుంచీ ఇతర చోట్ల నుంచీ గ్రంథాలను సేకరించి ఆయన వాయవ్య ఇరాన్‌లోని మరాగాకి తరలించాడు. అక్కడ 1259లో మొదలైన వేధశాలలో సిరియా నుంచీ, చైనా నుంచీ వచ్చిన పండితులు కలిసి పనిచేశారు. వాళ్ళు తయారుచేసిన గ్రహస్థితుల పట్టికలు హులగు తర్వాత, ఆయన కొడుకు కాలంలో పూర్తయ్యాయి. రెండు వృత్తాకార చలనాలను కలిపి సరళరేఖ చలనం రాబట్టవచ్చని తూసీ చూపించాడు. ఆ నిర్మాణమే సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత కోపర్నికస్ లెక్కల్లోనూ కనిపిస్తుంది.

ఐన్ జాలూత్‌లో మంగోలులు ఎందుకు ఓడిపోయారు?

1260 జనవరిలో అలెప్పో పడింది, మార్చిలో డమాస్కస్ లొంగింది. అంతలో మోంకే చనిపోయాడన్న వార్త వచ్చింది. అన్నదమ్ముల మధ్య సింహాసనం గొడవ మొదలవుతోందని గ్రహించి హులగు ప్రధాన సైన్యాన్ని అజర్‌బైజాన్ వైపు వెనక్కి తిప్పాడు. వేసవిలో సిరియాలో అన్ని గుర్రాలకు గడ్డి, నీళ్ళు దొరకడమూ కష్టమే. కిత్‌బుకా అనే సేనాపతి చిన్న సైన్యంతో మిగిలాడు. ఈజిప్టుని అప్పుడు ఏలుతున్నది మమ్లూకులు, అంటే బానిస సిపాయిలుగా మొదలై రాజులైనవాళ్ళు. వాళ్ళ సుల్తాన్ కుతుజ్, బైబర్స్ అనే సేనానితో కలిసి సెప్టెంబరు 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర అతన్ని ఓడించి చంపాడు.

సైన్యాల పరిమాణంలో ఇది చిన్న యుద్ధమే. కానీ ఆ తర్వాత అరవై ఏళ్ళపాటు ఇల్‌ఖానులు ఎన్నిసార్లు సిరియా మీదికి వెళ్ళినా నిలబెట్టుకోలేకపోయారు. 1281లో హోమ్స్ దగ్గర ఓడిపోయారు. 1299లో గెలిచి డమాస్కస్ దాకా వెళ్ళినా వెనక్కి రావలసి వచ్చింది. 1303లో మళ్ళీ ఓటమి.

మంగోలులు మంగోలులతోనే ఎందుకు కొట్టుకున్నారు?

అజర్‌బైజాన్ పచ్చికబయళ్ళ కోసం. గోల్డెన్ హోర్డ్ పాలకుడు బెర్కే అవి తన వంశానికి చెందాలనేవాడు. పైగా ఆయన ముస్లిం, ఖలీఫాని చంపిన కోపమూ ఉంది. 1262లో మొదలైన యుద్ధంలో హులగు కాకసస్ దాటి వెళ్ళి తెరెక్ నది దగ్గర దెబ్బతిని వచ్చాడు. బెర్కే ఈజిప్టు మమ్లూకులతో చేయి కలిపాడు. మమ్లూకు సైన్యంలోకి కొత్త బానిస సిపాయిలు నల్లసముద్రం మీదుగా గోల్డెన్ హోర్డ్ నేల నుంచే వచ్చేవాళ్ళు. అంటే ఇల్‌ఖానుల శత్రువుకి సైనికుల్ని సమకూర్చింది సొంత దాయాదులే. హులగు 1265 ఫిబ్రవరిలో చనిపోయే నాటికే ఈ చిక్కుముడి పడిపోయింది, రాజ్యం ఉన్నంతకాలం విడిపోలేదు.

గుడారాల్లో ఉండే రాజులు అంత పెద్ద దేశాన్ని ఎలా నడిపారు?

నడిపింది పారశీక ఉద్యోగులు. లెక్కలు, పన్నులు, ఉత్తరాలు అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. హులగు, ఆయన కొడుకు అబాఖా కాలాల్లో ప్రధానమంత్రి షంసుద్దీన్ జువైనీ. పైన చెప్పిన చరిత్రకారుడు అతామలిక్ జువైనీ ఆయనకు స్వయానా తమ్ముడు, బాగ్దాద్ పాలనాధికారి. ఖాన్ కొలువు మాత్రం వేసవికి ఒక చోటికి, చలికాలానికి ఇంకో చోటికి కదులుతూనే ఉండేది.

ఆ మంత్రుల గతి ఏమైందో చూడండి. షంసుద్దీన్ జువైనీని 1284లో అబాఖా కొడుకు అర్ఘూన్ చంపించాడు. అర్ఘూన్ మంత్రి, యూదు వైద్యుడు సదుద్దౌలాని 1291లో, రాజు మరణశయ్య మీద ఉండగానే సేనాపతులు చంపేశారు. సద్రుద్దీన్ జంజానీకి 1298లో మరణశిక్ష. సదుద్దీన్ సావజీకి 1312లో. రషీదుద్దీన్‌కి 1318లో. ఆయన కొడుకు గియాసుద్దీన్‌కి 1336లో. ఆ పదవిలో సహజ మరణం పొందినవాడిగా చెప్పుకునేది 1324లో పోయిన తాజుద్దీన్ అలీషా ఒక్కడినే. మంత్రి పదవి అంటే ధనం, అధికారం, ఆపైన ఎప్పుడో ఒకప్పుడు కత్తి. అది తెలిసీ మళ్ళీ మళ్ళీ సమర్థులు ముందుకు రావడం నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

వాళ్ళ మతం ఏమిటి?

మొదట మంగోలుల ఆకాశదైవం టెంగ్రీ. హులగు, అబాఖా, అర్ఘూన్ బౌద్ధాన్ని ఆదరించారు, అంతఃపురంలో క్రైస్తవ రాణులు ఉండేవాళ్ళు. 1282లో గద్దెనెక్కిన తెగూదర్ ఇస్లాం స్వీకరించి అహ్మద్ అయ్యాడు. రెండేళ్ళకే అన్న కొడుకు అర్ఘూన్ అతన్ని దించి చంపించాడు. అర్ఘూన్ మమ్లూకుల మీదికి యూరప్ రాజుల సాయం కోరుతూ 1287లో రబ్బాన్ సౌమా అనే క్రైస్తవ సన్యాసిని రోమ్, పారిస్‌ల దాకా రాయబారం పంపాడు. ఆదరణ దొరికింది, సైన్యం రాలేదు.

అర్ఘూన్ మరణంలో మన దేశం ప్రస్తావన ఉంది. హిందూదేశం నుంచి వచ్చిన ఒక యోగి గంధకం, పాదరసం కలిపిన ఆయుష్షు పెంచే మందు ఇచ్చాడనీ, దాన్ని ఎనిమిది నెలలు తీసుకున్నాక రాజు జబ్బుపడ్డాడనీ మంత్రి, చరిత్రకారుడు రషీదుద్దీన్ రాశాడు. 1291 మార్చిలో అర్ఘూన్ చనిపోయాడు. అప్పటికి ముప్ఫయి దాటి కొద్ది ఏళ్ళే.

1295లో అర్ఘూన్ కొడుకు గజాన్ సింహాసనం కోసం పోరాడుతూ ఇస్లాం స్వీకరించాడు. నౌరూజ్ అనే శక్తిమంతుడైన అమీరు, అంటే సేనానాయకుడి మద్దతుకి అది షరతు. వెంటనే బౌద్ధ ఆలయాలను కూలగొట్టించారు. వెళ్ళిపోదలచిన భిక్షువులు హిందూదేశం, కశ్మీరం, టిబెట్ వైపు వెళ్ళిపోవచ్చన్నారు. ఇరాన్ బౌద్ధం అక్కడితో అంతరించింది. గజాన్ మంచి రాజని అందరూ అంటారు, నేనూ అంటాను. అయినా ఈ సంగతిని పక్కన పెట్టి ఆయన్ని మెచ్చుకోలేం.

ఇరాన్‌లో కాగితం డబ్బు తెచ్చి వారాల్లోనే ఎందుకు ఎత్తేశారు?

1291 నుంచి 1295 దాకా ఏలిన గైఖాతు చేతికి ఎముక లేని మనిషి. ఖజానా కరిగిపోయింది. దానికి తోడు మంగోలుల పశువులు తెగులు తగిలి భారీగా చచ్చిపోయాయి. మంత్రి సద్రుద్దీన్ జంజానీ ఒక ఉపాయం చెప్పాడు. చైనాలో కుబ్లాయ్ ఖాన్ కాగితాన్నే డబ్బుగా నడుపుతున్నాడు కదా, మనమూ అలా చేస్తే వెండి, బంగారం మొత్తం ఖజానాకే వచ్చేస్తాయి! చైనా కొలువు నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్న బోలాద్ అనే పెద్దమనిషిని అడిగి వివరాలు తెలుసుకున్నారు.

1294 సెప్టెంబరులో తబ్రీజ్‌లో నోట్లు విడుదలయ్యాయి. చైనాలో పిలిచినట్టే 'చావ్' అన్నారు. వాటి మీద చైనా అక్షరాలు, ఇస్లాం విశ్వాస వాక్యం, బౌద్ధ గురువులు గైఖాతుకి పెట్టిన టిబెటన్ పేరు, అన్నీ కలిపి అచ్చువేశారు. అర దిర్హమ్ నుంచి పది దీనార్ల దాకా విలువలు. తీసుకోనివాడికి మరణశిక్ష అని చాటింపు వేశారు.

కొన్ని రోజులు భయంతో తీసుకున్నారు. తర్వాత దుకాణాల్లో సరుకు మాయమైంది. తబ్రీజ్ బజారు మూతపడింది, రొట్టె దొరకడం కష్టమైంది, జనం ఊరు వదిలి పోసాగారు. చీకటి పడ్డాక సందుల్లో దొంగచాటుగా నాణేలతో బేరాలు జరిగేవి.  సుమారు రెండు నెలల్లో రాజు వెనక్కి తగ్గక తప్పలేదు.

చైనాలో కాగితం డబ్బుకి అప్పటికే తరాల అలవాటు ఉంది, మొదట్లో వెండితో మార్చుకునే హామీ ఉంది. తబ్రీజ్‌లో రాత్రికి రాత్రి ఉన్న నాణెం లాక్కుని కాగితం చేతిలో పెట్టారు. నోటు మీద నమ్మకం కుదరాలంటే ముందు ప్రభుత్వం మీద నమ్మకం ఉండాలి, అప్పటికి అదే లేదు. కొద్ది నెలలకే గైఖాతుని తిరుగుబాటుదారులు చంపేశారు.

గజాన్ సంస్కరణలు అంత గొప్పవా?

వాటి ముందు ఎలా ఉండేదో తెలిస్తే గొప్పవే అనిపిస్తాయి. ఒకే పన్నుని ఏడాదికి పది, ఇరవై సార్లు వసూలు చేసేవాళ్ళని రషీదుద్దీన్ రాశాడు. యజ్ద్ దగ్గర ఒక ఊరికి భూస్వామి శిస్తు కోసం వెళితే మూడు రోజులు వెతికినా ఊరి పెద్ద ఒక్కడూ కనపడలేదట. కనపడింది పదిహేడు మంది పన్ను వసూలుదార్లు. వాళ్ళు ఒక కావలివాడినీ ఇద్దరు రైతుల్నీ పట్టుకొచ్చి, మిగతావాళ్ళు ఎక్కడ దాక్కున్నారో చెప్పమని తాళ్ళతో వేలాడదీసి కొడుతున్నారు.

గజాన్ పన్ను ఎంతో, ఎప్పుడు కట్టాలో ముందే నిర్ణయించి, ఆ వివరాలను పలకల మీద, రాళ్ళ మీద, గోడల మీద చెక్కించి ఊళ్ళల్లో అందరికీ కనపడేలా పెట్టించాడు. దేశమంతా ఒకే తూనికలు, ఒకే రకం నాణేలు. ముప్ఫయి ఏళ్ళు దాటిన భూతగాదాలు చెల్లవన్నాడు, ఎందుకంటే పాత దొంగ పత్రాలతో కోర్టులు నిండిపోయాయి. బీడు దున్నినవాళ్ళకి పన్ను రాయితీ ఇచ్చాడు. 1303లో సైన్యానికి జీతం బదులు భూముల ఆదాయం కేటాయించాడు.

రషీదుద్దీన్ నమోదు చేసిన గజాన్ ప్రసంగం ఒకటి ఉంది. అమీర్లతో ఆయన అన్నదాని సారాంశం: నేను ఇక్కడి రైతుల పక్షం తీసుకోవడం లేదు, దోచుకోవడమే మేలంటే అందరికంటే ముందు నేనే దోస్తాను, కానీ ఎద్దుల్నీ విత్తనాన్నీ ఇవాళ లాక్కుంటే రేపు తిండి ఎక్కడినుంచి వస్తుంది? అప్పుడు మీరు నా దగ్గరికి వస్తే మాత్రం కఠినంగా శిక్షిస్తాను. ఇందులో దయకంటే లెక్క ఎక్కువ. అయినా నలభై ఏళ్ళలో ఏ ఖానూ ఆ లెక్క కూడా వేయలేదు.

రషీదుద్దీన్ అంటే అంత అభిమానం ఎందుకు?

ఆయన లేకపోతే పైన రాసినదాంట్లో చాలా భాగం మనకు తెలిసేది కాదు. 1247 ప్రాంతంలో హమదాన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. వైద్యుడిగా అబాఖా కొలువులో చేరాడు. సుమారు ముప్ఫయ్యో ఏట ఇస్లాం స్వీకరించాడు. 1298 నుంచి ఇద్దరు మంత్రుల్లో ఒకడు. మంగోలుల కొత్త తరం తమ పూర్వీకుల్ని మరిచిపోతోందని గజాన్ ఆయనకు చరిత్ర రాసే పని అప్పగించాడు. గజాన్ తర్వాత వచ్చిన తమ్ముడు ఒల్జైతు, ప్రపంచంలోని మిగతా జాతుల చరిత్రా రాయమన్నాడు.

అలా పుట్టింది 'జామీ అల్ తవారీఖ్'. మంగోలుల సంగతులు బోలాద్ దగ్గర, గజాన్ దగ్గరే అడిగి రాసుకున్నాడు. చైనా గురించి చైనా పండితుల సాయం. హిందూదేశం గురించి, బుద్ధుడి జీవితం గురించి కశ్మీరం నుంచి వచ్చిన కమలశ్రీ అనే బౌద్ధ పండితుడి సాయం. యూదులు, ఫ్రాంకులు (పడమటి యూరప్‌వాళ్ళు), అరబ్బులు, చైనీయులు, మనవాళ్ళు, అందరి కథలూ ఒకే గ్రంథంలో. ఒక్కో జాతి గురించి ఆ జాతివాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పినట్టే రాయాలన్నది ఆయన నియమం. మధ్యయుగంలో ఇలాంటి ప్రయత్నం ఇంకొకటి నాకు కనపడదు.

తబ్రీజ్ అంచున రబ్‌ఎ రషీదీ అనే పేట కట్టించాడు. అందులో ఆసుపత్రి, విద్యార్థులకు వసతి, గ్రంథాలయం, పుస్తకాలు రాసే లేఖకుల ఇళ్ళు ఉండేవి. 1309 నాటి ధర్మాదాయ పత్రంలో ఉద్యోగుల జీతాలు, రొట్టెల లెక్క దాకా రాయించాడు. తన గ్రంథాలకు ఏటా ఒక అరబ్బీ ప్రతి, ఒక పారశీక ప్రతి తయారుచేసి వేరే వేరే నగరాలకు పంపాలని నిబంధన పెట్టాడు. తన పని పోతుందేమోనన్న బెంగ ఆయనకు ఉండేది.

ఆ బెంగ నిజమైంది. 1316లో ఒల్జైతు చనిపోయాడు. తోటి మంత్రి అలీషాకి రషీదుద్దీన్ అంటే పడదు. ఒల్జైతుకి విషం పెట్టాడన్న నేరం మోపి 1318 జులైలో, డెబ్బయ్యేళ్ళ ముసలివాణ్ణి, ఆయన కళ్ళెదుటే పదహారేళ్ళ కొడుకు ఇబ్రహీంని చంపాక, చంపేశారు. తలని తబ్రీజ్ వీధుల్లో తిప్పారు. రబ్‌ఎ రషీదీని దోచుకున్నారు. ఎనభై ఏళ్ళ తర్వాత తైమూర్ కొడుకు మీరాన్ షా ఆయన ఎముకల్ని తవ్వించి యూదుల శ్మశానానికి తరలించాడు.

లేఖకుల పని పూర్తిగా వృథా పోలేదు. 1314 ప్రాంతంలో బొమ్మలతో తయారైన అరబ్బీ ప్రతిలో ఒక భాగం ఇప్పటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. ధర్మాదాయ పత్రం తబ్రీజ్‌లో ఉంది.

మార్కో పోలోకీ, మన మోటుపల్లికీ దీంతో సంబంధం ఉందా?

ఉంది. అర్ఘూన్ భార్య బులుఘాన్ చనిపోతూ తన స్థానంలోకి తన తెగ అమ్మాయే రావాలని కోరింది. అర్ఘూన్ చైనాకి దూతల్ని పంపాడు. కుబ్లాయ్ ఖాన్ కోకచిన్ అనే రాకుమారిని ఇచ్చి ఓడల్లో పంపాడు. ఆ బృందంతో వచ్చానని మార్కో పోలో చెప్పుకున్నాడు. వాళ్ళు చేరేసరికి అర్ఘూన్ లేడు, ఆమె గజాన్‌కి భార్య అయింది. రషీదుద్దీన్ రాతల్లో మార్కో పేరు లేదు. రాకుమారి, దూత ఖ్వాజా మాత్రం ఉన్నారు. రెండు కథనాలూ అక్కడ కలుస్తాయి.

మార్కో వర్ణించిన 'ముత్‌ఫిలి' రాజ్యం మన కాకతీయ రాజ్యమేనని, ఆ పేరు మోటుపల్లి రేవుదని చరిత్రకారుల మాట. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. వజ్రాల గురించి, సన్నని నూలు బట్టల గురించి, భర్త పోయాక నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతున్న రాణి గురించి మార్కో రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అనుకుంటారు. వివరాలు సరిగ్గా అతకవు: రుద్రమ గణపతిదేవుడి కూతురు, ఆమె 1289లోనే మరణించింది. మార్కో ఓడ అటు వచ్చే నాటికి ఓరుగల్లులో ప్రతాపరుద్రుడున్నాడు. విన్నవి కలగలిపి రాసి ఉంటాడు.

వర్తకం మాత్రం గట్టిదే. పర్షియన్ గల్ఫ్‌లోని కీష్ నుంచి ఏటా వేలకొద్దీ గుర్రాలు దక్షిణాదికి, ముఖ్యంగా పాండ్య రేవులకు వచ్చేవి. ఒక్కో గుర్రానికి 220 బంగారు దీనార్లని ఇల్‌ఖానుల కాలపు చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు.

సుల్తానియాలో చూడదగినది ఏమిటి?

ఒల్జైతు సమాధి. దాదాపు 50 మీటర్ల ఎత్తు, నీలి పలకలు అద్దిన ఇటుక గుమ్మటం. 2005లో యునెస్కో జాబితాలో చేరింది. ఇల్‌ఖానుల కట్టడాల్లో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడండి.

రాజ్యం నిజంగా ఎలా కూలింది?

ఒల్జైతు కొడుకు అబూ సయీద్ పన్నెండేళ్ళకే రాజయ్యాడు. అధికారం చూపాన్ అనే అమీరుది. చూపాన్ యోధుడు, విధేయుడు, కానీ పదవులన్నీ కొడుకుల చేతిలో పెట్టాడు. 1323లో మమ్లూకులతో సంధి కుదిరింది, అరవై ఏళ్ళ యుద్ధం ఆగింది. బయట శాంతి వచ్చాక ఇంట్లో చిచ్చు రగిలింది.

ఇరవయ్యేళ్ళ రాజు చూపాన్ కూతురు బాగ్దాద్ ఖాతూన్ మీద మనసు పడ్డాడు. ఆమె అప్పటికే హసన్ జలాయిర్ భార్య. చూపాన్ ఒప్పుకోక దంపతుల్ని దూరం పంపేశాడు. 1327లో అంతఃపుర స్త్రీతో సంబంధం పెట్టుకున్నాడని చూపాన్ కొడుకు దిమష్క్ ఖ్వాజాని రాజు చంపించాడు. ఖురాసాన్ నుంచి సైన్యంతో బయలుదేరిన చూపాన్‌ని దారిలో సొంత మనుషులే వదిలేశారు. హెరాత్ పాలకుణ్ణి ఆశ్రయిస్తే, రాజాజ్ఞ మేరకు ఆ పాలకుడే చంపించాడు. హసన్ భార్యని వదులుకున్నాడు. తండ్రినీ అన్ననీ చంపించిన రాజుకి బాగ్దాద్ ఖాతూన్ రాణి అయింది. కొన్నేళ్ళకి రాజు దిమష్క్ ఖ్వాజా కూతురు దిల్షాద్‌ని, అంటే ఈమె మేనకోడలినే పెళ్ళాడాడు.

1335 నవంబరు 30న, గోల్డెన్ హోర్డ్ మీదికి యుద్ధానికి వెళ్ళిన అబూ సయీద్ ముప్ఫయ్యేళ్ళకే చనిపోయాడు. బాగ్దాద్ ఖాతూన్ విషం పెట్టిందన్న పుకారు మీద ఆమెని చంపేశారు. కొడుకు లేడు. దిల్షాద్ గర్భవతి, తర్వాత పుట్టింది ఆడపిల్ల. హులగు తమ్ముడి వంశం నుంచి అర్పాని తెచ్చి కూర్చోబెడితే కొన్ని నెలలకే అతన్నీ, మంత్రి గియాసుద్దీన్‌నీ చంపేశారు.

ఆ తర్వాత ఎవరు పాలించారు?

ప్రతి అమీరూ చెంఘీజ్ వంశస్థుణ్ణి ఒకణ్ణి ముందు పెట్టుకుని వెనక తానే ఏలాడు. చూపాన్ మనవడు చిన్న హసన్, అబూ సయీద్ సోదరి సాతీ బేగ్‌ని కొద్ది నెలలు గద్దె మీద కూర్చోబెట్టాడు. భార్యని పోగొట్టుకున్న హసన్ జలాయిర్ బాగ్దాద్‌లో సొంత వంశం స్థాపించి, దిల్షాద్‌ని పెళ్ళాడాడు. షిరాజ్ ముజఫ్ఫరీ వంశం చేతికి పోయింది. సబ్జవార్‌లో సర్బదార్లు అనే తిరుగుబాటుదారులు లేచారు. ఖురాసాన్‌లో చెంఘీజ్ సోదరుడి వంశానికి చెందిన తగాయ్ తైమూర్‌ని సర్బదార్లు 1353లో చంపడంతో ఖాన్ పేరుతో మిగిలిన చివరి ముక్కా పోయింది.

వారసుడు లేకపోవడం ఒక్కటే కారణమా?

అది తక్షణ కారణం. వంశం అంత పలచబడటానికి వెనక కథ ఉంది. తండ్రి తర్వాత కొడుకా, తమ్ముడా, వంశంలో పెద్దవాడా అన్నది మంగోలులు ఎప్పుడూ తేల్చుకోలేదు. ప్రతి మార్పులోనూ ఓడిన రాకుమారుల్ని చంపేసేవాళ్ళు. గజాన్ ఒక్కడే గద్దెనెక్కిన కొత్తలో చాలామందిని చంపించాడు. దానికి తోడు తాగుడు. అబాఖా మద్యం వల్లే నలభై ఎనిమిదో ఏట పోయాడు. గజాన్‌కి 32, ఒల్జైతుకి 35 ప్రాంతం, అబూ సయీద్‌కి 30. ఎదిగిన కొడుకుని వదిలి వెళ్ళే వయసు వీళ్ళలో చాలామందికి రానేలేదు.

అబూ సయీద్ చివరి ఏళ్ళలో ఖజానా బాగానే ఉంది, గియాసుద్దీన్ పాలనని సమకాలికులు మెచ్చుకున్నారు, సరిహద్దులు చెక్కుచెదరలేదు. కుళ్ళి కూలిన రాజ్యం కాదిది. చూపాన్ కుటుంబాన్ని తుడిచిపెట్టకపోతే రాజు పోయినప్పుడు దేశాన్ని పట్టి ఉంచే చేయి ఒకటి ఉండేదని నా నమ్మకం.

ఢిల్లీ మీదికి వచ్చిన మంగోలులు వీళ్ళేనా? మొఘలులు వీళ్ళ వారసులా?

రెండింటికీ కాదనే జవాబు. అలావుద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీ మీదికి వచ్చినవాళ్ళు ప్రధానంగా మధ్య ఆసియా చగతాయ్ మంగోలులు. హులగు అయితే 1260లో ఢిల్లీకి దూతల్ని పంపాడు, వాళ్ళకి ఘనంగా స్వాగతం దొరికింది. ఇక బాబర్ తండ్రి వైపు తైమూర్ వంశం, తల్లి వైపు చగతాయ్ ద్వారా చెంఘీజ్ వంశం. చగతాయ్ చెంఘీజ్ రెండో కొడుకు. హులగు తండ్రి తొలూయ్ ఆయన తమ్ముడు, పెద్ద భార్యకు పుట్టినవాళ్ళలో ఆఖరివాడు.